చివరి తేదీ లేని రేంజ్: హద్దు వదిలేయాలా, ఇన్ఫినిటీ రాయాలా, 9999 పెట్టాలా?

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో రేంజ్ కాలమ్, అంటే మొదలు, ముగింపు రెండిటినీ ఒకే విలువగా దాచుకునే కాలమ్, వాడే ప్రతి టీమ్‌లోనూ ఏదో ఒక రోజు ఈ వాదన వస్తుంది. ఒక ఉద్యోగి 2024 ఏప్రిల్ 1న ఒక బ్రాంచిలో చేరాడు, ఇంకా అక్కడే పనిచేస్తున్నాడు. మొదలైన తేదీ తెలుసు, ముగిసే తేదీ ఇంకా లేదు. రేంజ్‌కి రెండో వైపు ఏం రాయాలి? ఒకరు ఏమీ రాయకుండా [2024-04-01,) అని వదిలేస్తారు (చతురస్ర బ్రాకెట్ ఉంటే ఆ హద్దు కూడా రేంజ్‌లో కలిసినట్టు, గుండ్ర బ్రాకెట్ ఉంటే కలవనట్టు). ఇంకొకరు [2024-04-01,ఇన్ఫినిటీ) అంటారు. వేరే డేటాబేస్‌ల నుంచి వచ్చినవాళ్ల చెయ్యి దానంతటదే 9999-12-31 టైప్ చేసేస్తుంది. అసలు రేంజ్ టైపే వద్దు, రెండు తేదీ కాలమ్‌లు చాలు అనేవాళ్లూ ఉంటారు.

"ఫలానా రోజున ఎవరు ఏ బ్రాంచిలో ఉన్నారు?" అని అడిగితే, క్వెరీ సరిగ్గా రాస్తే, నాలుగు పద్ధతులూ ఒకే జవాబిస్తాయి. అందుకే టెస్టింగ్‌లో ఏమీ దొరకదు. రెండు పద్ధతులు ఒకే కాలమ్‌లో కలిసిపోయాకో, ఎవరైనా అన్నిటికంటే చివరి ముగింపు తేదీ ఎంత అని అడిగాకో అసలు సంగతి బయటపడుతుంది. అప్పుడు కూడా చాలాసార్లు ఎర్రర్ రాదు, జవాబు మాత్రం తప్పుతుంది.

నా మాట ముందే చెప్పేస్తాను. రేంజ్ కాలమ్ అయితే హద్దు వదిలేయండి. మామూలు తేదీ కాలమ్ అయితే ఇన్ఫినిటీ రాయండి. ఏది ఎంచుకున్నా, రెండోది ఆ కాలమ్‌లోకి రాకుండా చెక్ కన్‌స్ట్రెయింట్‌తో, అంటే ప్రతి వరుసా పాటించాల్సిన షరతుతో, తలుపు వేసేయండి. దీనికి మినహాయింపులు లేకపోలేదు. ఒకటి రెండు చోట్ల నేనే వేరే దారి ఎంచుకుంటాను.

కోడ్‌లో వచ్చే పేర్లన్నీ ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. ఎడిటర్‌లో కొట్టేటప్పుడు మామూలుగానే ఇంగ్లిష్‌లో కొట్టుకోండి.

## గందరగోళం ఎక్కడ మొదలవుతుంది

రేంజ్ టైపులు పోస్ట్‌గ్రెస్‌లోకి 2012లో, 9.2 వెర్షన్‌తో వచ్చాయి. డాక్యుమెంటేషన్‌లో ఆ అధ్యాయం తెరిస్తే, హద్దులేని రేంజ్‌నీ ఇన్ఫినిట్ రేంజ్‌నీ ఒకే ఉపశీర్షిక కింద పక్కపక్కన పెట్టి కనిపిస్తుంది. రెండూ ఒకటే కాబోలు అనుకుని చాలామంది అక్కడితో చదవడం ఆపేస్తారు. కింద పేరాలో మాత్రం సంగతి వేరుగా ఉంటుంది. హద్దు రాయకపోతే దాన్ని ప్లస్ లేదా మైనస్ ఇన్ఫినిటీలా ఊహించుకోవచ్చు, కానీ అది రేంజ్‌కి సంబంధించిన ప్రత్యేక గుర్తు, లోపలి టైపుకి ఉన్న ఇన్ఫినిటీ కంటే కూడా అవతల ఉంటుంది అని రాసి ఉంటుంది. తేడా అంతా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది.

ఇన్ఫినిటీ అనేది తేదీ టైపులో ఉన్న ఒక విలువ. 2024-04-01 ఎలాగో అదీ అలాగే. మిగతా తేదీలన్నిటికంటే పెద్దది, అంతే. కాలమ్‌లో దాచుకోవచ్చు, పోల్చుకోవచ్చు, ఇండెక్స్‌లో పెట్టుకోవచ్చు. వదిలేసిన హద్దు మాత్రం విలువ కాదు. "ఈ వైపు గోడ లేదు" అని రేంజ్ లోపల పెట్టుకున్న గుర్తు అది.

పైగా ఫంక్షన్ పేరు ఇంకో తలనొప్పి. పై హద్దు ఉందా లేదా అని చూసే ఫంక్షన్ పేరు అప్పర్_ఇన్ఫ్. పేరు చూస్తే ఇన్ఫినిటీ ఉందా అని అడుగుతున్నట్టే అనిపిస్తుంది. [2024-04-01,ఇన్ఫినిటీ) ఇచ్చి చూడండి, అబద్ధం అంటుంది. ఎందుకంటే అక్కడ హద్దు ఉంది, ఆ హద్దు పేరే ఇన్ఫినిటీ. [2024-04-01,) ఇస్తే నిజం అంటుంది. "ఇంకా కొనసాగుతున్న పోస్టింగులు చూపించు" అని అప్పర్_ఇన్ఫ్‌తో క్వెరీ రాసినవాళ్లకి ఇన్ఫినిటీ పెట్టిన వరుసలు ఒక్కటి కూడా రావు.

పార్టిషన్ల దగ్గర, అంటే పెద్ద టేబుల్‌ని ముక్కలుగా విడగొట్టే చోట, డాక్యుమెంటేషన్ ఇదే విషయాన్ని ఇంకా బాగా విడమరిచి చెప్తుంది. రేంజ్ పార్టిషన్‌కి పై హద్దుగా మ్యాక్స్‌వాల్యూ అని రాస్తాం కదా, అది దాచుకోగలిగే విలువ కాదు, ఇన్ఫినిటీ కంటే కూడా అవతలిది. కాబట్టి ఇన్ఫినిటీ నుంచి మ్యాక్స్‌వాల్యూ దాకా ఒక పార్టిషన్ చేస్తే అది ఖాళీ పార్టిషన్ కాదు. అందులో సరిగ్గా ఒకే ఒక్క విలువ పడుతుంది, అది ఇన్ఫినిటీ. రేంజ్ టైపుల్లో జరిగేదీ సరిగ్గా ఇదే.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

నేను చూసేవి ఇవి. ముందుగా, మీరు చెప్పదలచుకున్నది "ముగింపు లేదు" అనా, "ముగింపు ఎప్పుడో తెలియదు" అనా. తర్వాత, ఈ కాలమ్ మీద ఎక్కువగా నడిచేవి రేంజ్ ఆపరేటర్లా, లేక గరిష్ఠం, సగటు, తీసివేత లాంటి లెక్కలా. ఈ డేటా ఎవరి చేతికి వెళ్తుంది: పైథాన్ కోడ్‌కా, బ్రౌజర్‌కా, ఎక్సెల్ షీటుకా. చివరిది, అందరూ మర్చిపోయేది: ఎవరైనా పొరపాటున ముగింపు తేదీ ఇవ్వకపోతే, ఆ పొరపాటు మీకు తెలుస్తుందా?

మొదటి ప్రశ్నకి ఇక్కడే జవాబు చెప్పేస్తాను, ఎందుకంటే దానికి ఈ పద్ధతుల్లో ఏదీ పనికిరాదు. కాంట్రాక్ట్ ఉద్యోగికి ముగింపు ఖచ్చితంగా ఉంది, కాకపోతే తేదీ ఇంకా ఖరారు కాలేదు. దాన్ని [2024-04-01,) అని రాస్తే, 2090లో కూడా అతను ఉద్యోగంలో ఉన్నాడనే డేటాబేస్ చెప్తుంది. నల్ అంటే "తెలియదు" అని మనకి అలవాటు. కానీ రేంజ్ హద్దుగా నల్ ఇస్తే దాని అర్థం "తెలియదు" కాదు, "లేదు". ఖరారు కాలేదన్న సంగతి చెప్పాలంటే పక్కన ఇంకో కాలమ్ పెట్టుకోవాల్సిందే.

## మూడు "ఎప్పటికీ"లు, మూడు వేర్వేరు విలువలు

ఎంపికల్లోకి వెళ్లే ముందు ఒక చిన్న ప్రయోగం. ఒకే టేబుల్‌లో ఈ మూడు వరుసలు పెట్టండి:

- [2024-04-01,)
- [2024-04-01,ఇన్ఫినిటీ)
- [2024-04-01,ఇన్ఫినిటీ]

చదివే మనిషికి మూడిటికీ ఒకటే అర్థం. గ్రూప్ బై చేస్తే మూడు గుంపులు వస్తాయి. యూనిక్ కన్‌స్ట్రెయింట్ పెడితే మూడిటినీ రానిస్తుంది. ఇన్ఫినిటీ అనే తేదీ ఈ రేంజ్‌లో ఉందా అని అడిగితే మొదటిదీ మూడోదీ ఉందంటాయి, రెండోది లేదంటుంది. రెండోదానికీ మూడోదానికీ మధ్య చివర ఉన్న బ్రాకెట్ గుండ్రమా చతురస్రమా అన్నదే తేడా.

మామూలు తేదీలకి ఈ బ్రాకెట్ గొడవ ఉండదు. [2024-04-01,2024-12-31] అని రాస్తే పోస్ట్‌గ్రెస్ దాన్ని [2024-04-01,2025-01-01) గా మార్చేసి దాచుకుంటుంది. కాబట్టి ఎలా రాసినా ఒకే రూపానికి వస్తుంది. ఇన్ఫినిటీకి మర్నాడు అంటూ ఏమీ లేదు కాబట్టి ఆ సర్దుబాటు అక్కడ జరగదు, రెండు రూపాలూ రెండుగానే మిగిలిపోతాయి. హద్దు వదిలేసినప్పుడు ఈ ఇబ్బంది లేదు. [2024-04-01,] అని రాసినా అది [2024-04-01,) గానే మారిపోతుంది.

ఇప్పుడు అసలు తమాషా. మొదటి దాంట్లోంచి రెండోది తీసివేయండి, అంటే [2024-04-01,) మైనస్ [2024-04-01,ఇన్ఫినిటీ). ఏమీ మిగలకూడదు కదా. మిగులుతుంది: [ఇన్ఫినిటీ,). ఎంప్టీయా, అంటే ఏ విలువా లేని ఖాళీ రేంజా అని అడిగితే కాదంటుంది. సెలవు రోజుల్ని పోస్టింగ్ కాలంలోంచి కోసి మిగిలిన ముక్కల్ని టేబుల్‌లో పెట్టే కోడ్ మీ దగ్గర ఉందనుకోండి, ఏ రోజూ లేని ఈ ముక్క కూడా ఒక వరుసగా కూర్చుంటుంది. ఓవర్‌ల్యాప్ కాకుండా పెట్టిన ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ కూడా దీన్ని ఆపదు. నిజంగానే ఇది దేనితోనూ ఓవర్‌ల్యాప్ కావడం లేదు మరి.

## హద్దు వదిలేయడం

రేంజ్ టైపుని తయారుచేసినవాళ్లు అనుకున్న దారి ఇదే, ఆపరేటర్లన్నీ దీనికి తగ్గట్టే ఉన్నాయి. ఒక తేదీ రేంజ్‌లో ఉందా, రెండు రేంజ్‌లు ఓవర్‌ల్యాప్ అవుతున్నాయా, ఒకటి ఇంకోదాన్ని పూర్తిగా కప్పుతోందా, అన్నిటికీ చక్కగా జవాబిస్తుంది. రేంజ్ మొత్తం నల్ కాదు కాబట్టి [2024-04-01,) ని [2024-04-01,) తో పోలిస్తే సమానమే అంటుంది. నల్ కాలమ్‌లతో పడే పాట్లు ఇక్కడ లేవు.

ఇంకో మంచి సంగతి, ఇది అన్ని రేంజ్ టైపుల్లోనూ ఉంది. పూర్ణాంకాలకి ఇన్ఫినిటీ అనే విలువే లేదు. న్యూమరిక్ టైపుకి కూడా 2021లో వచ్చిన 14వ వెర్షన్‌లోనే చేరింది. మన ఆదాయపు పన్ను కొత్త విధానంలో 2025-26కి చివరి శ్లాబు 24 లక్షల పైన ఎంతైనా 30 శాతం. అది రాయడానికి (2400000,) కంటే సూటి దారి లేదు. అక్కడ ఇంటిజర్ రేంజ్ పెట్టి, ఆ టైపులో అతి పెద్ద అంకె అయిన 2147483647ని చతురస్ర బ్రాకెట్‌తో పై హద్దుగా ఇస్తే ఏకంగా ఎర్రరే వస్తుంది. దాన్ని గుండ్ర బ్రాకెట్ రూపంలోకి మార్చడానికి ఒకటి కలపబోయి, టైపులో పట్టక ఆగిపోతుంది.

ఇక ఇబ్బందులు. రేంజ్ పై హద్దు ఎంతో చెప్పే అప్పర్ ఫంక్షన్ ఇక్కడ ఇచ్చేది నల్. నల్ వచ్చిందంటే హద్దు లేదనే అనుకుంటే పొరపాటు, ఎందుకంటే ఎంప్టీ రేంజ్‌కి కూడా అప్పర్ నల్లే ఇస్తుంది. కాబట్టి "అప్పర్ నల్ అయితే కొనసాగుతున్నట్టు" అని రాయకండి, అప్పర్_ఇన్ఫ్‌నే అడగండి. ఎంప్టీకి అది అబద్ధం అంటుంది.

దీనికంటే పెద్దది గరిష్ఠం దగ్గర ఉంది. ఒక బ్రాంచిలో ముగ్గురున్నారు: ఒకరి పోస్టింగ్ 2025 మార్చిలో ముగుస్తుంది, ఇంకొకరిది 2026 జూన్‌లో, మూడో మనిషికి ముగింపు లేదు. ముగింపు తేదీల్లో మ్యాక్స్ అడిగితే 2026 జూన్ అని వస్తుంది. మ్యాక్స్ లాంటి అగ్రిగేట్ ఫంక్షన్లు నల్‌ని పక్కన పెట్టేస్తాయి కదా, మూడో మనిషి లెక్కలోకే రాడు. రిపోర్ట్ చూసినవాళ్లకి ఆ బ్రాంచి 2026 జూన్ తర్వాత ఖాళీ అయిపోతుందనిపిస్తుంది. దీనికి మందు ఉంది. 14వ వెర్షన్ నుంచి రేంజ్_ఆగ్ ఫంక్షన్ రేంజ్‌లన్నిటినీ కలిపి ఒక మల్టీరేంజ్ (చాలా రేంజ్‌లని ఒకే విలువగా పట్టుకునే టైపు) చేసిస్తుంది. దాని మీద అప్పర్_ఇన్ఫ్ అడిగితే నిజం చెప్తుంది. కాకపోతే ఈ సంగతి క్వెరీ రాసేవాళ్లకి గుర్తుండాలి.

చివరి ఇబ్బంది పొరపాట్ల గురించి. డేట్‌రేంజ్ ఫంక్షన్‌కి రెండో ఆర్గ్యుమెంట్‌గా నల్ వెళ్తే అది మారుమాట్లాడకుండా హద్దు లేని రేంజ్ తయారుచేస్తుంది. ఫామ్‌లో తేదీ ఖాళీగా వచ్చినా, పార్సింగ్ విఫలమై నల్ అయినా, వారం రోజుల కూపన్ కాస్తా శాశ్వత కూపన్ అయిపోతుంది.

## ఇన్ఫినిటీ రాయడం

ఇది విలువ కాబట్టి లెక్కల్లో కనబడుతుంది. మ్యాక్స్ అడిగితే ఇన్ఫినిటీ అని వస్తుంది. పై ఉదాహరణలో అది సరైన జవాబే. ముగింపు తేదీ ఇవాళ్టి కంటే పెద్దదా అని మామూలుగా పోల్చుకోవచ్చు, నల్ కోసం విడిగా షరతు రాయక్కర్లేదు. "శాశ్వతం" అని ఎవరో కావాలనే రాశారని కూడా తెలుస్తుంది. పొరపాటున ఇన్ఫినిటీ టైప్ చేసేవాళ్లు ఉండరు.

తీసివేత దగ్గర మాత్రం మొరాయిస్తుంది. డేట్ టైపులో ఇన్ఫినిటీలోంచి ఇంకో తేదీ తీసివేస్తే ఎర్రర్. పదివేల వరుసల రిపోర్టులో అలాంటి వరుస ఒక్కటున్నా మొత్తం రిపోర్ట్ ఆగిపోతుంది. టైమ్‌స్టాంప్‌కి 2024లో వచ్చిన 17వ వెర్షన్ నుంచి ఈ బాధ తప్పింది, ఎందుకంటే రెండు సమయాల మధ్య వ్యవధిని దాచే ఇంటర్వల్ టైపుకి కూడా అప్పుడే ఇన్ఫినిటీ ఇచ్చారు. అంతకుముందు వెర్షన్లలో అక్కడా ఎర్రరే.

ఇక డేటాబేస్ గడప దాటాక. పైథాన్ తేదీలకి ఇన్ఫినిటీ లేదు. పైథాన్‌ని పోస్ట్‌గ్రెస్‌తో కలిపే డ్రైవర్ సైకోపీజీ2 దాన్ని పైథాన్‌లోని అతి పెద్ద తేదీకి మార్చి ఇస్తుంది, అంటే 9999-12-31. ఆ మార్పు ఒకవైపే. చదివిన వరుసని మళ్లీ సేవ్ చేస్తే డేటాబేస్‌లోకి 9999-12-31 వెళ్తుంది, ఇన్ఫినిటీ తిరిగి రాదు. ఎవరో ఉద్యోగి ఫోన్ నంబర్ మార్చారనుకోండి, టేబుల్ వరుసల్ని కోడ్‌లో ఆబ్జెక్టులుగా చూపించే ఓఆర్‌ఎం మొత్తం వరుసని తిరిగి రాస్తే ముగింపు తేదీ కూడా మారిపోతుంది. సైకోపీజీ3 అలా చడీచప్పుడు లేకుండా మార్చదు, విలువని పైథాన్‌లోకి మార్చే సొంత లోడర్ రాసుకోకపోతే ఎర్రర్ ఇస్తుంది. నాకు ఆ పద్ధతే నచ్చుతుంది. ప్రొడక్షన్‌లో మొదటిసారి తగిలిన రోజు మాత్రం టెన్షన్ తప్పదు. జేసన్‌లో ఇన్ఫినిటీ అనే స్ట్రింగ్‌గా వెళ్తుంది, బ్రౌజర్‌లో దాన్ని డేట్‌గా మార్చబోతే ఇన్‌వ్యాలిడ్ డేట్ అని వస్తుంది. అదే వదిలేసిన హద్దు అయితే పైథాన్‌లో నన్, జేసన్‌లో నల్. ఎక్కడికి వెళ్లినా అందరికీ తెలిసిన రూపమే.

## 9999-12-31

దీని బలం ఒకటే, ఎక్కడైనా నడుస్తుంది. ఎక్సెల్ కూడా ఒప్పుకుంటుంది, దానికి అదే చివరి తేదీ. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పాత వరుసల చరిత్రని కూడా దాచుకునే టెంపోరల్ టేబుళ్లు ప్రస్తుత వరుసకి ముగింపుగా 9999-12-31 23:59:59.9999999 పెడతాయి. అలాంటి చోటి నుంచి డేటా తెచ్చుకునేవాళ్లకి ఇది దగ్గరగా ఉన్నట్టు అనిపిస్తుంది.

అనిపిస్తుంది, అంతే. ఆ విలువలో సెకన్ల తర్వాత ఏడు అంకెలున్నాయి. పోస్ట్‌గ్రెస్ టైమ్‌స్టాంప్ ఆరు అంకెల దాకానే దాచుకుంటుంది. కాబట్టి పైకి సవరించి 10000-01-01 00:00:00 చేసేస్తుంది. ఇక 9999-12-31తో సమానమా అని వెతికే క్వెరీలకి ఆ వరుసలు దొరకవు.

మన దేశంలో కూర్చుని పనిచేసేవాళ్లకి ఇంకో చిక్కుంది. యూటీసీలో 9999-12-31 23:59:59 అని టైమ్‌జోన్‌తో దాచుకుని, సెషన్ టైమ్‌జోన్ ఆసియా/కోల్‌కతా పెట్టి చదివితే అయిదున్నర గంటలు కలిసి 10000వ సంవత్సరం జనవరి 1 తెల్లవారుజాము అవుతుంది. పైథాన్ డేట్‌టైమ్ 9999 దాటదు. ఒక ఆఫీసులో పనిచేసిన కోడ్ ఇంకో ఆఫీసులో పడిపోవడానికి ఇది చాలు.

లెక్కల్లో ఇది ఇన్ఫినిటీ కంటే ప్రమాదం, ఎందుకంటే ఎర్రర్ కూడా రాదు. 2024 ఏప్రిల్ నుంచి 9999 చివరి దాకా తీసివేస్తే 29 లక్షల పైచిలుకు రోజులు. సగటు సర్వీసు లెక్కలో అలాంటివి రెండు పడితే ఇక ఆ సగటు గురించి మాట్లాడుకోనక్కర్లేదు. పైగా పోస్ట్‌గ్రెస్‌కి 9999 చివర కూడా కాదు. డేట్ టైపు 5874897వ సంవత్సరం దాకా వెళ్తుంది.

కొత్త ప్రాజెక్టులో దీన్ని ఎంచుకోవడానికి నాకైతే కారణం కనబడదు.

## రెండు మామూలు కాలమ్‌లు

రేంజ్ టైపు లేకుండా మొదలు, ముగింపు అని రెండు కాలమ్‌లు పెట్టుకునేవాళ్లకి లెక్క తిరగబడుతుంది. అక్కడ ముగింపుని నల్‌గా వదిలేస్తే ప్రతి క్వెరీలో "లేదా ముగింపు నల్ అయితే" అని తగిలించాలి. ఒక్కచోట మర్చిపోతే ప్రస్తుతం పనిచేస్తున్నవాళ్లే జాబితాలోంచి మాయమైపోతారు. యూనిక్ కన్‌స్ట్రెయింట్ కూడా నల్‌లని వేర్వేరుగానే చూస్తుంది. కాబట్టి ఉద్యోగి నంబర్, ముగింపు తేదీ కలిపి యూనిక్ పెట్టినా, ఒకే మనిషికి ముగింపు లేని పోస్టింగులు రెండు పడతాయి. 2022లో వచ్చిన 15వ వెర్షన్‌లో నల్స్ నాట్ డిస్టింక్ట్ అనే ఆప్షన్ చేరింది, అది పెడితే ఆగుతుంది. ఇన్ఫినిటీ రాసుకుంటే ఆ ఆప్షన్‌తో పని లేకుండానే ఆగుతుంది, కాలమ్‌ని నాట్ నల్ కూడా చేసుకోవచ్చు.

అలాంటి టేబుల్ మీద అప్పుడప్పుడు రేంజ్ తయారుచేయాల్సి వస్తే, ముగింపుని నేరుగా ఇవ్వకుండా నల్ఇఫ్ ఫంక్షన్‌తో ఇన్ఫినిటీని నల్ చేసి ఇవ్వండి. కాలమ్‌లో ఇన్ఫినిటీ ఇన్ఫినిటీగానే ఉంటుంది, రేంజ్‌లో హద్దు లేకుండా పోతుంది. రెండు ప్రపంచాలకీ మధ్య గుమ్మం ఒక్కటే ఉండాలి, అది ఒక వ్యూలో ఉంటే ఇంకా మంచిది.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| అడిగేది | వదిలేసిన హద్దు | ఇన్ఫినిటీ | 9999-12-31 |
|---|---|---|---|
| అప్పర్ ఏమిస్తుంది | నల్ | ఇన్ఫినిటీ | 9999-12-31 |
| అప్పర్_ఇన్ఫ్ | నిజం | అబద్ధం | అబద్ధం |
| మ్యాక్స్‌లో కనబడుతుందా | కనబడదు | కనబడుతుంది | కనబడుతుంది |
| రోజుల తీసివేత | నల్ | డేట్‌కి ఎర్రర్ | 29 లక్షల పైచిలుకు |
| పూర్ణాంకాల రేంజ్‌లో | ఉంది | లేదు | వర్తించదు |
| పైథాన్‌లో | నన్ | డ్రైవర్‌ని బట్టి | మామూలు తేదీ |
| తేదీ ఇవ్వడం మర్చిపోతే | శాశ్వతం అయిపోతుంది | చెక్ పెడితే దొరుకుతుంది | చెక్ పెడితే దొరుకుతుంది |

చివరి వరుస దగ్గర ఒక్క నిమిషం ఆగండి. వదిలేసిన హద్దు ఓడిపోయే అసలైన చోటు అదే.

## మీరు ఎవరైతే ఏది

గదుల బుకింగ్, పోస్టింగులు, ధరల చరిత్ర లాంటివి కొత్తగా కడుతున్నారా? రేంజ్ కాలమ్, వదిలేసిన హద్దు. 2025లో వచ్చిన 18వ వెర్షన్‌కి మారే ఆలోచన ఉంటే ఇంకా గట్టిగా చెప్తాను. ఆ వెర్షన్‌లో ప్రైమరీ కీకి వితౌట్ ఓవర్‌ల్యాప్స్ (కాలాలు ఒకదానిమీద ఒకటి పడకూడదు) అని తగిలించవచ్చు, ఫారిన్ కీకి పీరియడ్ అని పెట్టవచ్చు. పీరియడ్ ఫారిన్ కీ చూసేది ఒకటే: పిల్ల వరుసలోని కాలాన్ని తల్లి వరుసల కాలం పూర్తిగా కప్పుతోందా లేదా. బ్రాంచి టేబుల్‌లో [2020-01-01,ఇన్ఫినిటీ) ఉండి, పోస్టింగ్ [2024-04-01,) అయితే కప్పడం లేదనే లెక్క, వరుస లోపలికి రాదు. స్క్రీన్ మీద చూస్తే బ్రాంచి ఎప్పటికీ ఉంది, పోస్టింగ్ ఎప్పటికీ ఉంది. తేడా ఎక్కడుందో తెలుసుకునేసరికి సాయంత్రం అయిపోతుంది. రెండు టేబుళ్లు రెండు టీమ్‌లవైతే, ఈ ఒక్క విషయం మీద ముందే కూర్చుని మాట్లాడుకోండి.

అనుమతులు, కూపన్లు, లైసెన్సులు చూసేవాళ్లకి నా సలహా వేరు. అక్కడ "ఎప్పటికీ" అనేది ఎవరో కావాలని తీసుకోవాల్సిన నిర్ణయం, మర్చిపోవడం వల్ల జరగకూడనిది. ఆ కాలమ్‌లో అప్పర్_ఇన్ఫ్ నిజం అయితే ఒప్పుకోవద్దని చెక్ పెట్టి, శాశ్వతం కావాలంటే ఇన్ఫినిటీ అని రాయమనండి. గుండ్ర బ్రాకెట్టే వాడాలని కూడా అదే చెక్‌లో చేర్చండి, లేకపోతే రెండు రూపాలు మిగులుతాయి. డ్రైవర్ దగ్గర కొంచెం పని పెరుగుతుంది. పొరపాటున శాశ్వత అనుమతి ఇవ్వడం కంటే ఆ పని నయం.

సైకోపీజీ2తో నడుస్తున్న పాత పైథాన్ అప్లికేషన్ అయితే ఇన్ఫినిటీ జోలికి వెళ్లకండి. ఏ వరుస ఎప్పుడు 9999 అయిపోయిందో వెతుక్కోలేరు.

వేర్వేరు డేటాబేస్‌ల నుంచి డేటా పోగేసే వేర్‌హౌస్ టీమ్‌లకి 9999ని పూర్తిగా వదిలించుకోవడం కుదరకపోవచ్చు. వచ్చినదాన్ని స్టేజింగ్ టేబుల్‌లో, అంటే తాత్కాలికంగా దించుకునే టేబుల్‌లో, అలాగే ఉంచి, అసలు టేబుల్‌లోకి మార్చేటప్పుడు 9999-12-31నీ, అంతకంటే పెద్దవాటినీ అన్నిటినీ నల్ చేయండి. సమానమా అని కాకుండా "అంతకంటే పెద్దవీ" అనడానికి కారణం పైన చెప్పిన 10000వ సంవత్సరమే.

రిపోర్టులు మాత్రమే రాసేవాళ్లు స్కీమా మార్చలేరు. మీరు చేయగలిగింది, అప్పర్‌ని నేరుగా వాడకుండా ఇవాళ్టి తేదీతో కోయలెస్ చేసి, అంటే నల్ వస్తే దాని బదులు ఇవాళ్టి తేదీ పెట్టి, వాడటం. ఇన్ఫినిటీలు కూడా కలిసి ఉన్నాయని అనుమానం ఉంటే లీస్ట్ ఫంక్షన్‌తో అప్పర్‌నీ ఇవాళ్టి తేదీనీ కలిపి చిన్నది తీసుకోండి. పోస్ట్‌గ్రెస్‌లో లీస్ట్ నల్‌ని పట్టించుకోదు కాబట్టి వదిలేసిన హద్దుకీ, ఇన్ఫినిటీకీ, 9999కీ మూడిటికీ ఇవాళే వస్తుంది. ఎంప్టీ రేంజ్‌లు ఉంటే మాత్రం వాటిని ముందే పక్కన పెట్టాలి.

## ఇప్పటికే కలిసిపోయి ఉంటే

ముందు ఎంత కలిసిందో చూడండి: అప్పర్_ఇన్ఫ్ నిజం అయినవి ఎన్ని, అప్పర్ ఇన్ఫినిటీకి సమానమైనవి ఎన్ని, లోయర్ ఇన్ఫినిటీకి సమానమైనవి ఎన్ని. మూడోది సున్నా కాకపోతే, తీసివేతలో మిగిలిన ఆ వింత ముక్కలు మీ టేబుల్‌లో ఉన్నాయన్నమాట.

తర్వాత చెక్ కన్‌స్ట్రెయింట్ పెట్టండి, నాట్ వ్యాలిడ్ అని చేర్చి. అలా పెడితే పాత వరుసల్ని చూడదు, కొత్తగా వచ్చేవాటినీ మారేవాటినీ మాత్రం ఆపుతుంది. షరతు ఇలా ఉండాలి: అప్పర్_ఇన్ఫ్ నిజం కావాలి, లేదా అప్పర్ మీద ఈజ్‌ఫైనైట్ (ఇది ఇన్ఫినిటీ కాని మామూలు తేదీయేనా అని చూసే ఫంక్షన్) నిజం కావాలి. లోయర్‌కీ అంతే. ఒక్క అప్పర్‌కే పెడితే [ఇన్ఫినిటీ,) దర్జాగా దాటిపోతుంది, దానికి పై హద్దు లేదు కదా. ఎంప్టీ కాకూడదని కూడా ఇక్కడే కలిపేయండి.

శుభ్రం చేసేటప్పుడు వరుసక్రమం ముఖ్యం. ముందు [ఇన్ఫినిటీ,) ముక్కల్ని డిలీట్ చేయాలి. వాటిని ఉంచి, అదే ఉద్యోగి [2024-04-01,ఇన్ఫినిటీ) ని [2024-04-01,) గా మార్చబోతే, రెండూ ఓవర్‌ల్యాప్ అయి ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ అడ్డుపడుతుంది. ఆ తర్వాత అప్పర్ ఇన్ఫినిటీ అయిన వరుసలన్నిటికీ డేట్‌రేంజ్ ఫంక్షన్‌తో లోయర్‌నీ నల్‌నీ ఇచ్చి అప్‌డేట్ చేస్తే సరిపోతుంది. కింది వైపు మైనస్ ఇన్ఫినిటీ ఉంటే దాన్నీ నల్ఇఫ్ చేసి ఇవ్వండి. టైమ్‌స్టాంప్ రేంజ్ అయితే ఇంకో జాగ్రత్త, మొదలు వైపు గుండ్ర బ్రాకెట్ ఉన్న వరుసలుండొచ్చు. మూడో ఆర్గ్యుమెంట్ ఇవ్వకపోతే అవి చతురస్ర బ్రాకెట్ అయిపోతాయి, కాబట్టి కింది హద్దు రేంజ్‌లో కలుస్తుందా అని చెప్పే లోయర్_ఇంక్ చూసి బ్రాకెట్ ఇవ్వండి.

ఆఖరున, పాత వరుసల్ని కూడా ఆ చెక్‌తో సరిచూసే వ్యాలిడేట్ కన్‌స్ట్రెయింట్ నడపండి. ఎర్రర్ వస్తే ఇంకా ఎక్కడో ఒక వరుస మిగిలిందని అర్థం, చాలాసార్లు అది మైనస్ వైపు ఉంటుంది.